యూనివర్సిటీ వల్ల చుట్టుపక్కల ప్రాంతానికి ఎంత? లెక్క కట్టే పద్ధతి

తమ వల్ల చుట్టుపక్కల ప్రాంతానికి ఎంత డబ్బు వస్తోందో లెక్క కట్టి పెట్టమని యూనివర్సిటీ వాళ్లు పిలిచినప్పుడు మొదట అడిగే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "మల్టిప్లయర్ ఎంత వేస్తారండీ?"

ఈ పనిలో నాకు 18 ఏళ్లు. మల్టిప్లయర్ అంటే ప్రాంతంలోకి వచ్చిన డబ్బు అక్కడే చేతులు మారుతూ చివరికి ఎన్ని రెట్లవుతుందో చెప్పే అంకె. నా లెక్కలో అది ఆఖరి రోజు సాయంత్రం వస్తుంది. దానికి ముందు మూడు నెలలు జీతాల ఫైల్లో పోస్టల్ కోడ్‌లు, బిల్లుల మీద అడ్రసులు, విద్యార్థులు నింపిన ఫారాలు, వీటితోనే సరిపోతుంది. ఫలితం పెద్దదా చిన్నదా అన్నది అక్కడే తేలిపోతుంది. ఎక్సెల్‌లో ఆఖరి గడిని 1.4తో హెచ్చవేశామా, 1.5తో హెచ్చవేశామా అన్నదానికంటే, ఆ గడిలోకి ఏం రానిచ్చామన్నది చాలా పెద్ద విషయం.

మొదటి రిపోర్టులో నాకూ ఇది తెలియదు. యూనివర్సిటీ ఏడాది ఖర్చు మొత్తం రాశాను. విద్యార్థుల ఖర్చు మొత్తం రాశాను. రెండింటినీ కూడేశాను. రిపోర్టు అచ్చయ్యాక అకౌంట్స్ సెక్షన్‌లో ఒక కుర్రాడు, ఉద్యోగంలో చేరి ఆర్నెల్లు కూడా కాలేదు, నా పేజీ మీద పెన్ను పెట్టి అడిగాడు: "మేడమ్, హాస్టల్ ఫీజు మాకే కదండీ కట్టేది? ఆ డబ్బుతోనే కదా మేం వంటవాళ్లకి జీతాలిస్తున్నాం? రెండు చోట్లా రాశారేంటి?" ఫీజులూ అంతే. ఒకే డబ్బు విద్యార్థి జేబులోంచి వెళ్లేటప్పుడు ఒకసారి, యూనివర్సిటీ జేబులోంచి వెళ్లేటప్పుడు ఇంకోసారి లెక్కకొచ్చింది. ఆ రిపోర్టు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. కొత్తగా ఈ పనికి వచ్చేవాళ్లకు ముందు అదే చూపిస్తాను.

అప్పట్నుంచీ ప్రతి అంకె దగ్గరా ఒకే ప్రశ్న వేసుకుంటున్నాను: ఈ యూనివర్సిటీ లేకపోయి ఉంటే ఈ డబ్బు ఈ ప్రాంతంలో ఉండేదా, ఉండేది కాదా? కింద రాసిందంతా ఆ ప్రశ్నను ఎక్కడెక్కడ, ఎలా అడగాలన్నదే.

ముందు గీత గీయండి

"ప్రాంతం" అంటే ఏది? క్యాంపస్ ఉన్న పట్టణమా, జిల్లానా, రాష్ట్రమా? డేటా తెరవకముందే ఇది తేల్చుకుని కాగితం మీద రాసి, పని అప్పగించినవాళ్ల చేత సంతకం పెట్టించుకోండి. అంకెలు చూశాక గీత జరపాలన్న కోరిక అందరికీ పుడుతుంది.

గీతతో ఒక విచిత్రం ఉంది. ప్రాంతం చిన్నదైతే డబ్బు త్వరగా బయటికి కారిపోతుంది. ఉద్యోగులు గీత అవతల ఉంటారు, సరుకు అవతల నుంచి వస్తుంది, కాబట్టి మల్టిప్లయర్ చిన్నది. ప్రాంతం పెద్దది చేస్తే కారడం తగ్గుతుంది, మల్టిప్లయర్ పెరుగుతుంది. "అయితే పెద్ద గీతే మేలు కదా" అంటారు. కాదు. గీత పెరిగేకొద్దీ "బయటి విద్యార్థులు" ఒక్కొక్కరే "లోపలి విద్యార్థులు" అయిపోతారు, బయటి నిధులు లోపలి నిధులైపోతాయి. గీతను దేశమంత చేస్తే విద్యార్థుల్లో ఎక్కువమంది మనవాళ్లే, ప్రభుత్వ గ్రాంటు మన పన్నే. అప్పుడు ఖర్చు వల్ల వచ్చిన ప్రభావం దాదాపు ఆవిరైపోతుంది. విదేశీ విద్యార్థులు, విదేశీ పరిశోధన నిధులు మాత్రం మిగులుతాయి. దేశం స్థాయిలో యూనివర్సిటీ విలువ ఉండేది చదువులో, పరిశోధనలో. క్యాంటీన్ బిల్లుల్లో కాదు.

నా అలవాటు: రోజూ పనికి వచ్చిపోయేవాళ్లు ఎంత దూరం నుంచి వస్తున్నారో చూసి, ఆ పరిధిని గీతగా పెట్టుకుంటాను. ఉద్యోగుల్లో నూటికి 80, 85 మంది ఆ గీత లోపల నివసిస్తుంటే చాలు.

సంవత్సరం విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదు. ఆడిట్ అయిన ఆఖరి ఏడాది తీసుకోండి. ఒక్క కట్టడాల పద్దు మాత్రం ఒక ఏడాది ఉప్పెనలా ఉంటుంది, మరుసటి ఏడాది ఎండిపోతుంది. దానికి ఐదేళ్ల సగటు వేయండి.

జీతాలు

జీతాల ఫైలు అడిగేటప్పుడు పేర్లు తీసేసి ఇమ్మనండి. మీకు కావలసినవి నాలుగే గళ్లు: మొత్తం జీతం, చేతికొచ్చే జీతం, పూర్తికాలమా పార్ట్‌టైమా, ఇంటి పోస్టల్ కోడ్. యూనివర్సిటీ ఇచ్చిన "మొత్తం జీతాల ఖర్చు" అన్న అంకెను అలాగే ఎత్తి రాసేవాళ్లు చాలామంది. అందులో ఆదాయపు పన్ను, పెన్షన్ కోతలు కూడా ఉంటాయి. అవి ఆ నెలలో ఆ ప్రాంతంలో ఎవరి చేతికీ రావు.

ఒక ఊహా యూనివర్సిటీతో చేసి చూపిస్తాను, అంకెలన్నీ కల్పితమే. ఏడాది ఖర్చు 400 కోట్లు: జీతాలు 240, కొనుగోళ్లు 110, కట్టడాలు 50.

జీతాల 240లో కోతలు 60. చేతికొచ్చేది 180. పోస్టల్ కోడ్ ప్రకారం గీత లోపల నివసించేవాళ్ల వాటా 85 శాతం, అంటే 153. ఇక్కడ మనుషుల వాటా కాకుండా జీతం వాటా చూడండి. పెద్ద జీతాలవాళ్లు దూరంగా నివసించడం మామూలే. మనుషుల్లో 90 శాతం లోపలున్నా డబ్బులో 80 శాతమే ఉండొచ్చు. ఈ 153లో ఇంటి లోను వాయిదాలు, పొదుపు, ఆన్‌లైన్ కొనుగోళ్లు, గీత దాటి చేసే ఖర్చు పోగా, లోపల ఖర్చయ్యేది 60 శాతం అనుకుందాం. 92 కోట్లు. 240తో మొదలుపెడితే 92 మిగిలింది. ఈ మెట్టు దగ్గరే చాలామంది యాజమాన్యాల మొహం మారుతుంది.

బిల్లుల మీద అడ్రసు నమ్మకండి

కొనుగోళ్ల జాబితాలో అమ్మినవాడి అడ్రసు ఉంటుంది. దాన్ని బట్టి "ఇక్కడిది", "బయటిది" అని విడగొట్టేస్తే సగం పని తప్పే. ఒక మైక్రోస్కోపు కొన్నారనుకోండి. బిల్లు ఇచ్చింది లోపలి డీలరే. కానీ తయారైంది వేల మైళ్ల అవతల. ప్రాంతంలో మిగిలేది ఆ డీలరు కమిషన్, కొంత రవాణా, బిగించిన మనిషి కూలి. దీనికి ఎదురుగా, ప్రధాన కార్యాలయం అడ్రసు ఎక్కడో ఉన్న సెక్యూరిటీ కంపెనీ బిల్లు చూడండి. "బయటిది" అని కొట్టేస్తాం. కానీ ఆ గార్డులంతా ఇక్కడే నివసిస్తారు, జీతం ఇక్కడే ఖర్చు చేస్తారు.

అందుకని నేను అన్ని బిల్లుల వెంటా పడను. మొత్తంలో మూడొంతులు అయ్యేదాకా పెద్ద సరఫరాదారులను పైనుంచి కిందికి తీసుకుని, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి రెండే అడుగుతాను: మీకొచ్చిన ప్రతి వందలో ఇక్కడి మనుషుల జీతాలెంత, ఇక్కడ కొన్నదెంత? ఒక ఏడాది 63 మందికి ఫోన్ చేస్తే 41 మంది జవాబిచ్చారు. ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వని వివరం అది. మిగతా చిన్నవాళ్లకు ఈ జవాబుల సగటు వేసేస్తాను.

మన ఊహా లెక్కలో: 110లో లోపలి అడ్రసున్న బిల్లులు 66. అందులో 24 పరికరాల డీలర్లవి, వాటిలో ఇక్కడ మిగిలే కమిషన్ 4. కాబట్టి 42, 4 కలిపి 46. కట్టడాల 50లో సిమెంటు, ఉక్కు, లిఫ్టులు బయటివి. లోపలి కూలీ, లోపలి కాంట్రాక్టర్ల వాటా 20.

విద్యార్థులు: అసలు చిక్కు ఇక్కడ

20,000 మంది విద్యార్థులున్నారంటే 20,000 మందీ ప్రభావమే అని రాసేయడం ఈ రంగంలో అందరికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. వీళ్లను మూడు గంపల్లో వేయాలి.

మొదటి గంప: చదువు కోసమే బయటినుంచి వచ్చినవాళ్లు. వీళ్ల ఖర్చు కొత్త డబ్బు. రెండో గంప: ఇక్కడివాళ్లే, యూనివర్సిటీ లేకపోయినా ఇక్కడే ఉండి ఏదో పని చేసుకునేవాళ్లు. వీళ్ల తిండి, బట్ట, బస్సు ఖర్చు ఎలాగూ ఇక్కడే జరిగేది. లెక్కలోకి రాదు. మూడో గంప: ఇక్కడివాళ్లే, కానీ ఈ యూనివర్సిటీ లేకపోతే వేరే చోటికి చదువుకు వెళ్లిపోయేవాళ్లు. వీళ్లది బయటికి పోకుండా ఆగిన డబ్బు. ఇది లెక్కలోకి వస్తుంది, కానీ వేరే వరసలో చూపించాలి. దీనికి ఆధారం విద్యార్థి చెప్పిన మాట ఒక్కటే, అది తక్కిన అంకెలంత గట్టిది కాదు.

మూడో గంప కోసం సర్వే చేయక తప్పదు. ప్రశ్న ఎలా అడుగుతామన్న దాన్ని బట్టి జవాబు ఎంత మారుతుందో ఒకసారి కళ్లారా చూశాను. "ఈ యూనివర్సిటీ లేకపోతే వేరే చోటికి వెళ్లి చదివేవారా?" అని అడిగితే ఇక్కడి పిల్లల్లో సగానికి పైగా అవునన్నారు. అవుననడానికి ఖర్చేముంది? మరుసటి వారం ఇంకో గుంపుకి ప్రశ్న మార్చాను: "మీరు దరఖాస్తు చేసిన మిగతా కాలేజీల పేర్లు రాయండి. వాటిలో సీటు వచ్చినవాటికి టిక్ పెట్టండి." గీత బయట సీటు వచ్చినవాళ్లు ఆరుగురిలో ఒకరు. ఒకమ్మాయి ఫారం అంచున పెన్సిల్‌తో రాసింది: "దరఖాస్తు చేశాను, సీటొచ్చింది, కానీ నాన్న పంపేవాడు కాదు." ఆ ఫారాన్ని ఏ గంపలో వేయాలో ఒక పూటంతా ఆలోచించి రెండో గంపలో వేశాను. అప్పట్నుంచీ ఉద్దేశం అడగడం మానేసి, చేసిన పని అడుగుతున్నాను.

ఇక ఖర్చు. విద్యార్థిని "నెలకెంత ఖర్చు చేస్తారు?" అంటే గుర్తున్నది చెబుతారు. అద్దె కచ్చితంగా చెబుతారు, మిగతావన్నీ కాకి లెక్కలే. రెండు వారాల పాటు రోజువారీ పద్దు రాయించండి. ఒకటి సెమిస్టర్ మధ్యలో, ఒకటి సెమిస్టర్ మొదట్లో. సెలవుల నెలలు తీసేయండి. యూనివర్సిటీకే కట్టే ఫీజు, హాస్టల్, మెస్ పక్కన పెట్టండి. నా అచ్చయిన తప్పు అక్కడే ఉంది.

మన లెక్కలో 20,000లో బయటివాళ్లు 11,000, మూడో గంప 1,500. యూనివర్సిటీకి కట్టేది పోగా ఒక్కొక్కరి ఖర్చు ఏడాదికి లక్ష అనుకుంటే 110 కోట్లు, 15 కోట్లు, వెరసి 125. ఇందులోనూ ఫోన్లు, బట్టలు, పెట్రోలు అమ్మినచోట మిగిలేది కమిషనే. ప్రాంతంలో నిలిచేది 55 శాతం వేస్తే 69.

సందర్శకులు, స్నాతకోత్సవాలకొచ్చే తల్లిదండ్రులు, సదస్సులు: 6 కోట్లు వేసి వదిలేద్దాం. దీని మీద వారాలు ఖర్చుపెట్టేవాళ్లను చూశాను, మొత్తం మీద వందలో రెండు మూడు కూడా ఉండదు. బోధనాసుపత్రి ఉంటే మాత్రం దాన్ని పూర్తిగా వేరే లెక్కగా చేయండి. యూనివర్సిటీ లేకపోయినా రోగులు ఏదో ఆసుపత్రికి వెళ్లేవాళ్లే. దాన్ని కలిపితే అదే అన్నిటినీ మింగేస్తుంది.

92, 46, 20, 69, 6. మొత్తం 233 కోట్లు. ఇది మొదటి విడత.

ఇప్పుడు మల్టిప్లయర్

ఈ ఆలోచన పాతదే. 1931లో ఆర్థికవేత్త రిచర్డ్ కాన్ ప్రజాపనుల ఖర్చు ఉపాధిని ఎలా పెంచుతుందో లెక్క కట్టాడు, 1936లో కీన్స్ దాన్ని తన సిద్ధాంతంలో నడుమ నిలబెట్టాడు. అదే 1936లో వసీలీ లియోంటీఫ్ ఏ రంగం ఏ రంగం దగ్గర ఎంత కొంటుందో చూపే ఇన్‌పుట్ ఔట్‌పుట్ పట్టికను అమెరికాకు తయారుచేసి ప్రచురించాడు. ఆ పనికి 1973లో నోబెల్ వచ్చింది. యూనివర్సిటీలకు ఈ తరహా లెక్కను ఒక పద్ధతిగా చేసిపెట్టింది 1971లో అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ ప్రచురించిన ఒక మాన్యువల్. ఇప్పటికీ చాలా రిపోర్టుల ఎముకలగూడు అదే.

లోపలి సూత్రం చిన్నది. ఒకడి చేతికొచ్చిన 100లో ఎంత మళ్లీ ఇదే ప్రాంతంలో ఇంకొకరి ఆదాయమవుతుందో చూడండి. 30 అనుకోండి. ఆ 30లో మళ్లీ 9, ఆ 9లో 2.7. ఇలా కూడుతూ పోతే 100 కాస్తా దాదాపు 143 అవుతుంది. సూత్రం: 1 / (1 − 0.3) = 1.43. చిల్లుకుండలో నీళ్లు పోయడం లాంటిది. కుండ ఎంత పెద్దదన్నది కాదు, చిల్లు ఎంతన్నది లెక్క.

ఎవరైనా మీ ముందు మల్టిప్లయర్ పెడితే ఈ సూత్రాన్ని తిరగేసి పరీక్షించండి. 2.2 అన్నారనుకోండి. 1ని 2.2తో భాగిస్తే 0.4545. దాన్ని 1లోంచి తీసేస్తే 0.5455. అంటే ప్రతి విడతలోనూ 100లో 54కి పైగా ఇక్కడే తిరుగుతోందని వాళ్ల వాదన. పన్నులు పోయి, పొదుపు పోయి, బయటినుంచి వచ్చే సరుకు ధర పోయి, 54 మిగిలే చిన్న ప్రాంతం ఎక్కడుందో వాళ్లనే చూపించమనండి.

చేతిలో మీ ప్రాంతానికే చేసిన ఇన్‌పుట్ ఔట్‌పుట్ పట్టిక ఉంటే అది వాడండి. అమెరికాలో బ్యూరో ఆఫ్ ఎకనామిక్ అనాలిసిస్ వాళ్లు ప్రాంతాలవారీగా రిమ్స్ 2 మల్టిప్లయర్లు అమ్ముతారు. ఇంప్లాన్ అనే సాఫ్ట్‌వేరూ వాడుకలో ఉంది. అలాంటివి లేనిచోట జాతీయ పట్టికను ప్రాంతానికి కుదించాలి. దీనికి మామూలుగా వాడేది లొకేషన్ కోషెంట్: ఒక రంగంలో ప్రాంతపు ఉపాధి వాటాను దేశపు వాటాతో పోల్చడం. ఇందులో ఒక లోపముంది. ఒక రంగం ఇక్కడ బలంగా ఉంటే దానికి సంబంధించిన అవసరమంతా ఇక్కడే తీరుతుందని ఇది అనుకుంటుంది. నిజానికి ఒకే రకం సరుకు వస్తూనూ ఉంటుంది, పోతూనూ ఉంటుంది. అందుకే మల్టిప్లయర్ ఉబ్బుతుంది. 1995లో ఫ్లెగ్, ఆయన సహచరులు ప్రాంతం పరిమాణాన్ని కూడా లెక్కలోకి తెచ్చే సవరణ ప్రతిపాదించారు. నేను దాన్నే వాడతాను.

టైప్ 1, టైప్ 2 అన్న మాటలు వినిపిస్తాయి. సరఫరాదారుల గొలుసు వరకే చూస్తే టైప్ 1. ఇంటిఖర్చుల విడతలు కూడా కలిపితే టైప్ 2. ఉద్యోగుల ఇంటిఖర్చును పైన మనం చేత్తో లెక్కగట్టాం. కాబట్టి మొత్తం జీతాల బిల్లుకు టైప్ 2 వేసి, దాని మీద ఈ 92 కూడా కలిపితే మళ్లీ రెండుసార్లు రాసినట్టే.

మన 233ని 1.4తో హెచ్చవేస్తే 326 కోట్లు. నా మొదటి రిపోర్టు పద్ధతిలో అయితే? ఖర్చు 400, అన్నీ కలుపుకుని తలకు లక్షా అరవై వేల చొప్పున 20,000 మంది విద్యార్థుల ఖర్చు 320, మొత్తం 720. దాన్ని 2.2తో హెచ్చవేస్తే 1,584. అదే యూనివర్సిటీ, అవే పుస్తకాలు. తేడా దాదాపు ఐదు రెట్లు.

ఇంకొక మెట్టు ఉంది, చాలామంది దీని మీద కాలు పెట్టరు. ఆ 400 కోట్లు ఎవరివి? ప్రాంతంలోని వాళ్ల ఫీజులు, ప్రాంతం నుంచే వసూలైన పన్నుల్లోంచి వచ్చిన గ్రాంటు కలిపి 100 అనుకుందాం. అది యూనివర్సిటీకి పోకపోతే ఇక్కడే ఇంకోచోట ఖర్చయ్యేది. కాబట్టి యూనివర్సిటీ ఖర్చు భాగం 158లో (92, 46, 20) మూడొంతులే కొత్త డబ్బు: 118.5. విద్యార్థులు, సందర్శకులు 75 కలిపితే 193.5. దాన్ని 1.4తో హెచ్చవేస్తే 271. రిపోర్టులో 326, 271 పక్కపక్కనే పెట్టండి. మొదటిది యూనివర్సిటీ చుట్టూ ఎంత డబ్బు తిరుగుతోందో చెబుతుంది, రెండోది యూనివర్సిటీ వల్ల ఎంత వచ్చిందో. ప్రచార విభాగం మొదటిదే తీసుకుంటుంది. తీసుకోనివ్వండి, కానీ రెండోది అదే పేజీలో ఉండాలి.

ఉద్యోగాల అంకెకు ఒక జాగ్రత్త చాలు: తలలు లెక్కపెట్టకండి, పూర్తికాల ఉద్యోగాలకు సమానం చేసి చెప్పండి. అలాగే అమ్మకాల మొత్తాన్ని ప్రాంత జీడీపీతో పోల్చకండి. 326 అన్నది లావాదేవీల విలువ. జీడీపీతో పోల్చాలంటే అందులోంచి విలువ జోడింపు భాగం, అంటే అమ్మకంలోంచి కొన్న సరుకు ఖర్చు పోగా మిగిలేది మాత్రమే తీయాలి. "ప్రాంత ఆదాయంలో 20 శాతం మాదే" అన్న వాక్యం ఎక్కడ కనిపించినా ముందు ఇది చూడండి.

ఖర్చు దాటి

ఇంతవరకు కట్టిన లెక్కలో ఒక లోటుంది: యూనివర్సిటీ బదులు అంతే బడ్జెట్టున్న జైలు పెట్టినా జీతాల, కొనుగోళ్ల వరసలు ఇలాగే వచ్చేవి. చదువు వల్ల, పరిశోధన వల్ల వచ్చేది వేరే కట్టాలి, వేరే పేజీలో. దీన్ని పై అంకెకు కలపకూడదు. అది ఒక ఏడాది ప్రవాహం, ఇది 40 ఏళ్ల మీద పరుచుకునే విలువ.

పట్టభద్రుల విషయంలో అడగాల్సినవి: ఐదేళ్ల తర్వాత ఎంతమంది గీత లోపల ఉన్నారు, వాళ్లు డిగ్రీ లేకుండా ఉంటే ఎంత సంపాదించేవారు. ప్రపంచవ్యాప్తంగా చూస్తే ఒక అదనపు ఏడాది చదువుకు సంపాదన సగటున దాదాపు 9 శాతం పెరుగుతుందని సుప్రసిద్ధమైన అంచనా. అందులో కొంత చదువు వల్ల కాదు, ఆ మనిషి చురుకుదనం వల్ల, ఇంటి పరిస్థితి వల్ల. కాబట్టి తేడా అంతా యూనివర్సిటీ ఖాతాలో వేయకండి. చదివినన్నాళ్లు కోల్పోయిన సంపాదన తీసేసి, భవిష్యత్తు ఆదాయాన్ని ఇప్పటి విలువకు కుదించండి. నేను ఏడాదికి 3 శాతం తగ్గింపుతో ఒకసారి, 5 శాతం తగ్గింపుతో ఒకసారి చేసి రెండూ చూపిస్తాను.

దీన్లో నాకు బాగా ఇష్టమైన ఫలితం ఆర్థికవేత్త ఎన్రికో మొరెట్టి 2004లో అమెరికన్ నగరాల మీద చేసినది. ఒక నగరంలో పట్టభద్రుల వాటా నూటికి ఒకరి మేర పెరిగితే, హైస్కూలు కూడా పూర్తిచేయనివాళ్ల వేతనాలు 1.9 శాతం, హైస్కూలు పూర్తిచేసినవాళ్లవి 1.6 శాతం, పట్టభద్రులవి 0.4 శాతం పెరిగాయి. అంటే డిగ్రీ ఎవరికుందో వాళ్లకంటే పక్కనున్నవాళ్లకే లాభం ఎక్కువ. పోస్టల్ కోడ్‌ల లెక్కలో ఇది ఎక్కడా కనబడదు.

పరిశోధన దగ్గర మాత్రం నోరు అదుపులో పెట్టుకోవాలి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పేటెంటు దరఖాస్తు పెట్టిన రోజే పదేళ్ల ఆదాయం రాసేస్తారు. లైసెన్సుల మీద నిజంగా చేతికొచ్చిన డబ్బు, యూనివర్సిటీ పరిశోధనలోంచి పుట్టిన స్పిన్‌ఆఫ్ కంపెనీల్లో నేడున్న పూర్తికాల ఉద్యోగాలు, ఇంతే రాయండి. జ్ఞానం దగ్గర్లోనే ముందు పారుతుందనడానికి ఆధారముంది: 1993లో జాఫే, ట్రాయ్‌టెన్‌బర్గ్, హెండర్సన్ పేటెంట్లను వెనక్కి తవ్వి, ఒక ప్రాంతంలో పుట్టిన ఆవిష్కరణను అదే ప్రాంతంవాళ్లు తమ పేటెంట్లలో మామూలుకంటే ఎక్కువగా ప్రస్తావిస్తారని చూపించారు. ఆ ఆధారాన్ని కోట్ల అంకెగా మార్చడం వేరే సంగతి.

పూర్వ విద్యార్థుల కంపెనీలు ఇంకా పెద్ద ఊబి. స్టాన్‌ఫర్డ్ 2012 అధ్యయనం ప్రకారం ఆ పూర్వ విద్యార్థులకు మూలాలున్న కంపెనీలు 39,900, ఏడాదికి వాటి రాబడి 2.7 లక్షల కోట్ల డాలర్లు. అబ్బురపరిచే అంకెలే. కానీ అవి ప్రపంచమంతటా ఉన్న కంపెనీలు. ఆ మనుషులు వేరే చోట చదివినా కంపెనీ పెట్టేవారా అన్న ప్రశ్నకు ఆ రాబడిలో జవాబు లేదు. ఇలాంటి అంకె దొరికితే అనుబంధంలో పెట్టండి, మొత్తంలో కలపకండి.

మీ ఫలితం మరీ గాల్లో ఉందా అని చూసుకోడానికి ఒక కొలబద్ద ఉంది. ఆర్థికవేత్తలు అన్నా వాలెరో, జాన్ వాన్ రీనెన్ 78 దేశాల్లో దాదాపు 15,000 యూనివర్సిటీలను, 1,500 ప్రాంతాలను 1950 నుంచి 2010 వరకు పరిశీలించారు. ఒక ప్రాంతంలో యూనివర్సిటీల సంఖ్య 10 శాతం పెరిగితే తర్వాతి కాలంలో తలసరి ఆదాయం సుమారు 0.4 శాతం ఎక్కువగా కనిపించింది. చిన్నదిగా అనిపిస్తుంది, కానీ ఒక ప్రాంతమంతటి తలసరికి అది చిన్నది కాదు. మీ అంచనా దీనికి పదింతలుంటే ఎక్కడో రెండుసార్లు కూడారని అర్థం.

నష్టాల వరస కూడా ఒకటి వేయండి. పన్ను పడని భూమి, అద్దెల పెరుగుదల, రోడ్ల మీద ఒత్తిడి. అంకె కట్టలేకపోతే మాటల్లో రాసినా చాలు. వదిలేస్తే మాత్రం, మున్సిపాలిటీ తరఫున చదివేవాళ్లు ముందు దాన్నే వెతుకుతారు.

అప్పగించేటప్పుడు

ఒకే అంకె ఇవ్వకండి. లోపల తిరిగే వాటా 0.25 అయితే ఎంత, 0.35 అయితే ఎంత, మూడో గంప సగానికి తగ్గితే ఎంత అని మార్చి చూపండి. మన లెక్కలో ఆ వాటాను 0.25కి తగ్గిస్తే మల్టిప్లయర్ 1.33, నికరం (పైన 271 వచ్చినది) 258, 0.35 చేస్తే 1.54, నికరం 298. కాబట్టి "258 నుంచి 298 కోట్లు" అని రాస్తాను. అన్ని ఊహలూ ఒకే షీట్‌లో, ఒక్కోదాని పక్కన అది ఫోన్లలోంచి వచ్చిందా, సర్వేలోంచి వచ్చిందా, నా తలలోంచి వచ్చిందా అని. "తలలోంచి" అన్న మాటే రాస్తాను. ఒకసారి ఒక రిజిస్ట్రారు గారు దాన్ని "నిపుణుల అంచనా" అని మార్చమన్నారు. నేను మార్చలేదు. మూడేళ్ల తర్వాత వాళ్లే మళ్లీ లెక్క కట్టించుకున్నప్పుడు, కొత్తగా పట్టుకొచ్చిన డేటాతో ముందు సరిచేసినవి ఆ "తలలోంచి" వచ్చిన ఆరు గళ్లే.